అడిగేటోడి మాట

మాది వరంగల్ పక్క పల్లె. మాదిగవాడల మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ని నేనే. ఇప్పుడు సర్కారు బడి పంతుల్ని.

నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు సారు పెన్ను పోయింది. మా వాడ పిల్లగాణ్ని, నా దోస్తుని, నిలబెట్టిండు. నన్ను పిలిచి "వీడు పెన్ను జేబుల పెట్టుకుంటుంటే ఎప్పుడు చూసినవ్ రా?" అన్నడు. 'చూసినవా' అని అడగలే. 'ఎప్పుడు' అన్నడు. చేతిల బెత్తం ఉంది. "ఇంటర్‌బెల్లుల సార్" అన్న. వాడు దెబ్బలు తిన్నడు. మళ్ల బడి మొఖం చూడలే. నాలుగొద్దులకు పెన్ను సారు ఇంట్లనే దొరికింది.

వాడి చెయ్యి జేబులకు పోతున్నట్టు నాకు ఇప్పటికీ కండ్లకు కడ్తది. అది జరగలేదని తెలుసు. అయినా కనపడ్తది. భయంతో ఆడిన అబద్ధమే జ్ఞాపకమై కూసున్నది.

1974లో అమెరికాలో లాఫ్టస్, పామర్ అనే ఇద్దరు 150 మంది విద్యార్థులకు కారు ప్రమాదం సినిమా చూపించిన్రు. కార్లు 'తగిలినప్పుడు' వేగమెంత అని 50 మందిని, 'గుద్దుకొని నుజ్జయినప్పుడు' ఎంత అని 50 మందిని అడిగిన్రు. మిగతా 50 మందిని వేగం గురించి అడగలే. వారానికి 'పగిలిన అద్దం చూసిన్రా' అంటే, 'నుజ్జు' మాట విన్నోళ్లల్ల 16 మంది, 'తగిలిన' మాట విన్నోళ్లల్ల 7 మంది, అడగనోళ్లల్ల 6గురు చూసినమన్నరు. సినిమాలో అద్దమే పగల్లేదు.

చేతిల బెత్తం లేకుండనే ఇట్లయితే, పోలీసు ముందట, వకీలు ముందట మనోళ్ల గతేంది?

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపిన్రు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యం చాలదని అందర్నీ వదిలేసింది. కింది కోర్టు తీర్పుకే పదహారేండ్లు పట్టింది. అన్నేండ్ల ఎనక, పొలాలల్ల పానం అరచేత పట్టుకొని ఉరికినోళ్లు గంటా నిమిషం తప్పకుండ చెప్పాలంటే ఎట్ల?

పోలీసు రాసుకునే వాంగ్మూలం మన మాటల్ల ఉండది. సాక్షి సంతకమూ ఉండది. కోర్టుల మన మాట దానికి కలవకుంటే అబద్ధమంటరు. 1872 సాక్ష్య చట్టమైనా, 2024 జులైలో దాని జాగాలో వచ్చిన కొత్త చట్టమైనా, క్రాసులో జవాబు లోపల పెట్టిన ప్రశ్న అడగొచ్చనే అంటది.

మన సాక్షులు ఎన్నడూ పొరబడరని నేననను. నేనే పొరబడ్డ. కానీ సాక్షిని అనుమానించే ముందు ప్రశ్నను అనుమానించాలె. ఎవరడిగిన్రు, ఏ మాటతో అడిగిన్రు, ఎన్నేండ్లకు అడిగిన్రు?

నా క్లాసుల ఏదన్న పోతే "ఏం జరిగింది బిడ్డా?" అంటా. అని ఊకుంటా.

మొన్న ఎనుమాముల మార్కెట్ల నా దోస్తు కలిసిండు. హమాలీ పని చేస్తున్నడు. "ఆ దినం నువ్వేం చెప్పినవ్ రా?" అన్న.

"నన్నెవరడిగిన్రు?" అన్నడు.