రంగూనులో ఒక విదేశీ సంసారము

1813వ సంవత్సరము జూలై మాసమున, మద్రాసు రేవునుండి పోయిన చిన్న ఓడయొకటి రంగూను చేరినప్పుడు, అమెరికా మిషనరీయగు అదోనిరాం జడ్సనుతో దిగిన ఆయన భార్య ఆన్, నడిసముద్రమున మృతశిశువును ప్రసవించి, నడువను శక్తిలేని స్థితిలో నుండెను.

ఇంగ్లీషు ఒక్క ముక్కయు తెలియని గురువునెదుట ఆ దంపతులు కూర్చుండి, కంటబడిన వస్తువునెల్ల వ్రేలితో చూపుచు బర్మా భాష నేర్చికొనిరి. స్త్రీకి చదువు చెప్పుటకు మొదట వెనుదీసిన ఆ గురువు, భర్త ఆమెయెడ చూపు గౌరవమును గాంచి మనసు మార్చుకొనెను. జడ్సను తాటాకు గ్రంథములతో కుస్తీపట్టుచుండగా, ఇంటి బరువు మోయుచు పనివారితోను అంగళ్లవారితోను దినమెల్ల మాటలాడవలసి వచ్చిన ఆన్, వాడుక మాటలలో పండితుడైన భర్తనే మించిపోయెను. ఈ సంసారమును ఆ నేలపై నిలిపినది ఆమెయేయని నా దృఢ విశ్వాసము.

వారి మతమును స్వీకరించు తొలి మనుష్యుడు 1819లో గాని రాలేదు. అంతకు చాల ముందే, 1816 మే నెలలో, ఆ దంపతుల ఎనిమిది నెలల పసివాడు రోజర్ కన్నుమూసెను. ఆ వార్త విన్న రాజప్రతినిధి భార్య సపరివారముగా వచ్చి, అంత్యక్రియలకు తనకేల కబురంపలేదని ఆన్‌ను నిష్ఠురమాడెను. పిమ్మట ఆమెకు ఏనుగునంపి, అడవికి వెంటబెట్టుకొని పోయి, చెట్టునీడను కూర్చుండబెట్టి, పండ్లు తన చేతులతోనే ఒలిచి యిచ్చెను.