ఘాటురోడ్డు మీద మొహమాటము

విజయనగరం

చిరంజీవి మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

మార్గశిరము వచ్చినది గనుక మీ నాయనమ్మ మోకాళ్లనొప్పియు వచ్చినది. ఏటేటా వచ్చునదే గనుక బెంగపడవలదు.

నీవు మీ నాన్నకు ఫోనులో పంపిన అరకు యాత్రా ప్రణాళికను, నా కన్నుల సంగతి ఎరిగినవాడు గనుక, పెద్ద అక్షరములతో అచ్చు తీయించి తెచ్చి యిచ్చినాడు. కళ్లజోడు తుడుచుకొని శ్రద్ధగా చదివితిని. మిత్రులందరును హైదరాబాదునుండి నాలుగు కార్లలో శుక్రవారము రాత్రి ఆఫీసు ముగియగానే బయలుదేరుటయు, రాత్రియెల్ల ప్రయాణము చేసి మరునాటి ఉదయమునకు శృంగవరపుకోట చేరి, అక్కడ ఫలహారము ముగించి ఘాటు ఎక్కుటయు, అనంతగిరి, బొర్రా, గాలికొండ చూచుకొనుచు అరకు చేరుటయు, అటుపిమ్మట పాడేరు పోయి వంజంగి కొండమీద సూర్యోదయవేళ మేఘములను చూచి, లంబసింగి చలిని కూడ రుచిచూచి, నర్సీపట్నము వైపు దిగుటయు ఎంతయు ముచ్చటగా కూర్చినావు. బొంగుచికెను ఎక్కడ తినవలెనో వ్రాసినావు; ఏ పూట ఏ రంగు చొక్కా తొడగవలెనో వ్రాసినావు; ఆకాశమున ఎగురు కెమెరా ఎవరు తేవలెనో, దారిపొడవునా ఏ పాటలు మ్రోగవలెనో కూడ వ్రాసినావు. ఏ బండి ఎవరు నడుపుదురో, నడుపువారికి నిద్ర ఎప్పుడో, ఆ ఒక్కటి మాత్రము ఎంత వెదకినను నాకు కానరాలేదు. మొదటి కారు ఎవరిదో మీ అమ్మ చెప్పగా వింటిని. ఆ సంగతికి తరువాత వత్తును.

వెళ్లవద్దని వ్రాయుచున్నాననుకొనకుము. ఆ దారి చూడని కన్నులును కన్నులేనా అని నీ యీడున నేనును అనుకొన్నవాడనే. కాశీపట్నము దాటిన పిమ్మట గాలి మారుట ఒంటికి తెలియును. పైకి పోయినకొలది సిల్వరుఓకు చెట్ల నీడలలో కాఫీతోటలు, ఆ చెట్ల బోదెలను పెనవేసుకొని ప్రాకిన మిరియపు తీగలు, ఎర్రబారిన కాఫీపండ్లను కోయు గిరిజన స్త్రీలు నీకు కనబడుదురు. వలిసెపూలు ఈపాటికి రాలుముఖము పట్టియుండును గాని, అరకు దరిదాపుల ఎచ్చటనైన నాలుగు మళ్లు పచ్చగా మిగిలియుండకపోవు. లోయ ఆవలివైపున కొండ కడుపులోనికి దూరి మరల బయటపడు రైలుమార్గమును తప్పక చూడుము. బైలడిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చి జపానునకు ఎగుమతి చేయుటకై 1960ల దశకమున 58 సొరంగములు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూలు మార్గమది. ఆ పనులు జరుగు దినములలో కంట్రాక్టర్ల లారీలతో శృంగవరపుకోట వీధులలో దుమ్ము రేగుచుండెడిది; చేతిలో నాలుగు రూపాయలు ఆడినవారు చాలమంది. మా పెద్దబావయు అందులో ఒక చిల్లర కంట్రాక్టు చేసి, సెకండుహ్యాండు జీపొకటి కొన్నాడు. నీవు బొబ్బిలి మామ్మ అని పిలిచెడి మా అక్కకు భర్త ఆయన. ఆయన ముఖము నీకు గుర్తుండదు. ఫొటోలో టోపీ పెట్టుకొని జీపు బానెటు మీద చేయి వేసి నిలుచున్న మనిషి ఆయనయే.

1967 సంక్రాంతికి అక్కాబావలు మా యింటికి వచ్చినారు. కనుమనాడు కాకియైనను కదలదందురు గనుక, పెద్దల మాట మన్నించి ముక్కనుమనాడు జీపులో అనంతగిరి బయలుదేరితిమి. బావయు, నేనును, మీ చిన్నతాతయు, బావ స్నేహితులిద్దరును. అక్కడ రాళ్లు పేర్చి వంట చేసుకొంటిమి, వాగులో స్నానము చేసితిమి, ప్రొద్దు గూకువేళకు దిగనారంభించితిమి. దిగుట మొదలిడిన కొంతసేపటికి బావ ఇంజను కట్టివేసి గేరు న్యూట్రలులో పడవేసినాడు. దిగుడు దారిలో ఇంజను ఎందుకు, ఊరక వదలినచో కోటదాక చుక్క పెట్రోలు ఖర్చు కాదని ఆయన సిద్ధాంతము. ఆ రోజులలో అట్లు దించుట గొప్ప నేర్పుగా చెప్పుకొనెడివారు. ఇంజను మ్రోత లేకపోవుటచే అడవిలోని కీచురాళ్ల సవ్వడియు, టైర్ల క్రింద గులకరాళ్లు చిట్లుటయు వినవచ్చుచుండెను. మాకును మొదట సంతోషముగానే ఉండెను.

డముకు దాటిన తరువాత ఒక వాసన వచ్చినది. కాలిన రబ్బరునకును, మాడిన గోనెసంచికిని నడుమనుండు ఘాటైన వాసన. మీ చిన్నతాత నావంక చూచినాడు. నేను బావ మెడచుట్టు ఉన్న ఎర్ర మఫ్లరు వంక చూచితిని. వెనుకనున్న స్నేహితులలో ఒకడు అంతవరకు కూనిరాగము తీయుచుండినవాడు, ఉన్నట్లుండి గొంతెత్తి పాడసాగినాడు. వాసన అయిదుగురికిని తెలిసినది. తెలిసినదని ఒకరికొకరికిని తెలిసినది. కాని జీపు ఆయనది, పెట్రోలు ఆయనది, పైగా ఇంటి అల్లుడు. సంక్రాంతికి వచ్చిన అల్లునికి వంక పెట్టగల నోరు మా యింట పుట్టలేదు. "బావా, ఒకమారు ఆపుదము" అనుటకు ఎంత శ్వాస కావలెను? ఆ మాట మరియొకడు అనునేమోయని ప్రతివాడును ఎదురుచూచుచుండగా రెండు మలుపులు గడచిపోయినవి. మూడవ మలుపున బావ త్రొక్కిన బ్రేకు మెత్తగా అడుగునకు పోయినది, బండి ఆగలేదు.

ఆయనకు రావలసిన మంచిపేరు ఆయనకు ఈయవలెను. బండిని లోయవైపు పోనీయక కొండవైపునకు విరిచినాడు. ఆ తెలివివలననే అయిదుగురమును ప్రాణములతో మిగిలితిమి. అంచున కూర్చుండిన మీ చిన్నతాత కాలు రాతికిని జీపు రేకునకును నడుమ నలిగినది. అతడు పోలీసు ఉద్యోగమునకు ఎంపికయి ట్రెయినింగునకు పోవలసియుండెను. కొత్త బూట్లు సైతము కొనుక్కొన్నాడు. ఆ బూట్లు అటుక మీదనే చివికిపోయినవి.

నీవు చిన్ననాడు వసారాలో గుర్రమని ఎక్కి తిరిగిన చేతికర్ర ఆ కాలిదే. కాలు ఎట్లు పోయినదని నీవు అడిగినపుడు జామచెట్టెక్కి పడినాడని మేమందరమును చెప్పితిమి. చిన్నతాత కూడ అదియే చెప్పి నవ్వినాడు. నిజము చెప్పినచో అక్క కాపురమున ముల్లు పడునని భయము. ఆసుపత్రిలోనే పుట్టిన ఆ అబద్ధము, అక్క బ్రతికియున్నంత కాలము మా యింట నిలిచినది. ప్రతి సంక్రాంతికి బావ వచ్చెడివాడు. తమ్ముడు గోడ పట్టుకొని లేచి నమస్కరించెడివాడు. బావ చేతిసంచిలో ఏదో వెదకుకొనుచున్నట్లు తల వంచుకొనెడివాడు. జీపు అమ్మివేసినాడు, మరల స్టీరింగు ముట్టలేదు, కాని ఆ రాత్రిని గూర్చి వారిద్దరి నడుమ ఒక్క మాటయు జరుగలేదు. ఇప్పుడు అక్క, బావ, తమ్ముడు ముగ్గురును లేరు గనుకనే నేను ఇంత విప్పి వ్రాయుచున్నాను.

ఆ పిమ్మట చాల ఏండ్లకు, పాడేరు ఘాటులో బస్సు నడిపి రిటైరయిన డ్రైవరొకడు మా వీధిలో కాపురముండగా, ఆ వాసన ఏమిటని అతనిని అడిగితిని. పల్లమునకు దిగు బండిని ఎద్దులు మెడతో వెనుకకు అదిమిపట్టినట్లు, చిన్న గేరులోనున్న ఇంజను బండిని తానే నిలువరించునట. గేరు తీసివేసినచో ఆ బరువంతయు బ్రేకు మీదనే పడును. అది కాలి వాసన వేయును. ఆ వేడికి గొట్టములలోని ద్రవము మరిగి బుడగలు పుట్టును. బుడగ నొక్కితే నలుగును గాని చక్రమును పట్టదు. వాసన వచ్చినవెంటనే ఆపి, అరగంట చల్లార్చినచో ఏమియు జరుగకపోవునని అతడు మామూలుగా చెప్పి కాఫీ త్రాగినాడు. నాకు ఆ పూట అన్నము సహింపలేదు.

ఈ కాలపు సంగతి నేనెరుగక మాటలాడుచున్నానని నీవనవచ్చును. ఎరుగకేమి? గాలికొండ వద్ద ఇప్పుడు గాలికంటె ఫొటోలు తీయించుకొనువారే ఎక్కువ. మలుపు నడుమ కారు ఆపి, తలుపులు బార్లా తెరచి, రోడ్డు మీద నృత్యము చేసి, దానిని లోకమునకంతటికి పంపువారిని క్రిందటి యేడు నేను కన్నులార చూచితిని. వెనుక లారీవాడు హారను కొట్టుచున్నను వారికి తాళము తప్పలేదు. త్రాగిన సీసాలు కాఫీతోటలోనికి విసరుదురు. ఎగుడులో టైరు క్రింద రాయి పెట్టుదురు. కదలునప్పుడు ఆ రాతిని రోడ్డు నడుమనే విడిచిపోవుదురు, చీకటిలో వచ్చు మోటారుసైకిలువాని ఖర్మమునకు. ఇరుకు దారిలో ఎక్కు బండికి దిగు బండి దారి ఈయవలెనన్నది కొండదారుల మర్యాద మాత్రమే కాదు, చట్టము కూడ; అది చెప్పబోయినచో "ఏమండీ పెద్దాయనా" అని నవ్వుదురు. మంచులో పెద్దలైటు వేసినచో తెల్లగోడ తప్ప మరేమియు కనబడదని తెలియక కన్నులు చికిలించుకొనుచు నడుపుదురు. ఫోనులోని ఆడుగొంతు కుడికి తిరుగుమన్నచో కుడికి తిరుగుదురు. ప్రక్కనున్న మనిషి ఆగుమన్నచో మాత్రము అభిమానము అడ్డు వచ్చును. పాడేరు ఘాటులో అమ్మవారి పాదముల వద్ద ఎంతటి డ్రైవరైనను ఒక్క నిమిషము బండి నిలిపి దండము పెట్టి కదలును. భక్తి సంగతి అటుంచుము, ఆ నిమిషములో చక్రములు చల్లబడును, మనిషియు చల్లబడును. మీవారిలో ఎవరైన అక్కడ ఆగుదురా?

సరే, ఇక సూటిగా వ్రాయుదును.

మొన్న సిరిమానోత్సవమునకు నిన్ను మన వీధిమొగలో దించినది మీ మేనేజరే గదా. ఆ జనసమ్మర్దములో అతడు ఒక చేత ఫోను పట్టుకొని, మరొక చేత కారు త్రిప్పుచు మాటలాడుట నేను అరుగు మీదనుండి చూచితిని. నిన్నును చూచితిని. నీ ముఖమున నవ్వు ఉన్నది, కుడికాలు మాత్రము అక్కడ లేని బ్రేకును త్రొక్కుచున్నది. అతడు నీకు ఉద్యోగము వేయించినాడు, ప్రమోషను అతని చేతిలో ఉన్నది, తెలియును. మొదటి కారు అతనిదేనట. రాత్రియెల్ల నడిపి, నిద్ర చాలని కన్నులతో అతడు ముందు ఘాటు ఎక్కుట, వెనుక మూడు కార్లు అతని వేగమును అందుకొనుటకు పరుగులు పెట్టుట నాకిక్కడనుండియే కనబడుచున్నది. పథకము వేసినవాడవు నీవు గనుక ఆపవలసినవాడవును నీవే.

అతనికి ఘాటు మీద స్టీరింగు ఈయవద్దు.

కార్లు హైదరాబాదులోనే ఉండనిండు. శుక్రవారము రాత్రి రైలెక్కి నిద్రపొండు. విశాఖలో తెల్లవారినపిమ్మట కిరండూలు రైలునకు అద్దాలపెట్టె కలదు, 2017లో చేర్చినారు. సొరంగములు చూడవలెనన్న దానికంటె మంచి చోటు లేదు, టికెట్లు ముందుగా తీయుము. దిగవలసిన రోజున రోడ్డు మీదనే దిగుడు, మీ ముచ్చటయు తీరవలెను గదా. దానికి కొండదారి ఎరిగిన డ్రైవర్లతో రెండు వ్యానులు చాలును. మేనేజరును ముందుసీటులో కూర్చుండబెట్టుము, ఫోను చేతిలోనే ఉంచుకొనవచ్చును. అందరికంటె మెల్లగా పోవు బండి ముందుండవలెను. చీకటి పడకమునుపే క్రిందికి దిగవలెను. కడుపు త్రిప్పువారిని ముందువరుసలో కూర్చుండబెట్టి, ఇడ్లీ రెండింటికి మించి తిననీయవద్దు. కాలిన వాసన వచ్చినదా, నీవే నోరు తెరువుము.

ఎట్లు చెప్పుదునని తటపటాయింతువేమో. నామీద త్రోసివేయుము. "మా తాత ఎనుబది దాటిన ముసలివాడు, మొండివాడు, కార్లలో పోయినచో అన్నము మానుదునని కూర్చున్నాడు" అని చెప్పుము. అబద్ధము కూడ కాదు, మీ నాయనమ్మతో ఆ మాట ఈ ఉదయమే అంటిని.

డ్రైవరు నెంబరు మీ నాన్నకు ఇచ్చితిని. నేను చెప్పిన ఆ బస్సు డ్రైవరు కుమారుడే. పాటలు గట్టిగా పెట్టనీయడు, తొందరించినచో బండి ఆపి బీడీ ముట్టించుకొనును, అంతకుమించి దోషము లేదు. డిసెంబరులో ఘాటు డ్రైవర్లు దొరకుట కష్టము గనుక, సోమవారములోగా అడ్వాన్సు పంపి నాకొక ఫోను చేయుము.

ఇట్లు,
మీ తాత