పరాయి లోకానికి తెలుగు పలకరింపు

1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలు మోసుకెళ్ళిన బంగారు పూత రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగూ ఉంది. గ్రహాంతరవాసి ఎదురైతే ఆ మాట అర్థమవుతుందా? కాదనే నా నమ్మకం. మనుషులకే తమ పాత రాతలు అర్థం కాని కాలముంది. మన చేబ్రోలులో దొరికిన శాతవాహన రాజు విజయుని సంస్కృత శాసనం బ్రాహ్మీ లిపిలో ఉంది. ఆ లిపిని ఈ నేలమీదివాళ్ళే శతాబ్దాలపాటు మరిచిపోయారు. 1837లో ఆంగ్లేయ పండితుడు జేమ్స్ ప్రిన్సెప్ దాన్ని చదవగలిగాడంటే, సాంచి రాళ్ళమీద దాతలు తమ దానాల సంగతే చెక్కించి ఉంటారని ఊహించబట్టే. మనుషులందరికీ ఉన్న అలవాటొకటి అక్కడ దారి చూపింది.

పరాయి జీవికి ఆ అలవాటే ఉండకపోవచ్చు. అందుకే రికార్డు మూతమీద హైడ్రోజన్ పరమాణువు బొమ్మ చెక్కారు. ఆ మూలకం విశ్వమంతటా ఒక్కటే. బొమ్మ గీసే పద్ధతి మాత్రం మనదే కదా అంటారా? నిజమే, ఆ తడబాటు తప్పదు. అలాగని పలకరింపు వృథా అనుకోను. అర్థం అందకపోయినా, ఒకే గ్రహం ఇన్ని గొంతులతో మాట్లాడుతుందన్న సంగతిని, వినగలిగే జీవి పోల్చుకోవచ్చు.