కట్టినవాని ఋణము

నోరులేని జీవికి మనము చేయు మేలు దయ అనిపించుకొనునా, లేక ఋణము తీర్చుట అనిపించుకొనునా అను ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. దయ అయినచో చేసినవాడు స్తుతిపాత్రుడు. చేయనివాడు పుణ్యమును పోగొట్టుకొన్నవాడు మాత్రమే, దోషి కాడు. ఋణమైనచో చేసినవానికి స్తోత్రము అక్కరలేదు. చేయనివాడు మాత్రము తప్పక దోషి. ఈ రెంటికి నడుమనున్న దూరము చాల పెద్దది. దీనిని విచారించుటకు శాస్త్రవాక్యములకంటె ఒక పనిముట్టు ఎక్కువ ఉపకరించునని తోచి, మంచుదేశముల రైతులు తమ పశువుల నీటితొట్టిలో అమర్చు హీటరును పాఠకుల ముందుంచుచున్నాను.

మనకు నీటి ఎద్దడి అనగా వేసవి. రోహిణికార్తెలో చెరువు ఎండి గొడ్లు నాలుక చాచుట మనమెరిగిన దృశ్యము. అమెరికాలోని ఉత్తర డకోటా, మిన్నెసోటా రాష్ట్రములందును, వాటికి ఎగువనున్న కెనడా మైదానములందును పశువునకు దప్పికకాలము శీతకాలమే. అక్కడ జనవరి మాసమున చలి సున్న డిగ్రీలకు దిగువ 20 వరకు పోవుట సామాన్యము. కనుచూపుమేర అంతయు నీరే. కాని రాయివలె బిగిసిన నీరు. తొట్టి నిండుగనే యుండును. పశువు దాని అంచున నిలిచి, మూతితో మంచుపలకను తాకి, వెనుదిరుగును. పూర్వము రైతు ఉదయసాయంకాలములందు గొడ్డలితో ఆ పలకను పగులగొట్టెడివాడు. పందొమ్మిదవ శతాబ్దము చివరినాటికి తొట్టిలో దింపు ఇనుప పొయ్యిలు వచ్చినవి; వాటిలో కట్టెలో బొగ్గో మండించెడివారు. తరువాత విద్యుత్తు వచ్చినది.

నేటి హీటర్లలో నీటిపై తేలెడివి కొన్ని, అడుగున మునిగియుండునవి కొన్ని. ఇవి నీటిని కాచుటకు కావు, గడ్డకట్టకుండ కాపాడుటకు మాత్రమే. నీరు గడ్డకట్టబోవు వేళ తమంతట తాము పనిచేసి, కొంత చలి విరిగినంతనే ఆగిపోవును. ఈ కీలునే థర్మోస్టాట్ అందురు. 1500 వాట్ల హీటరు ఆగకుండ నడచినచో దినమునకు 36 యూనిట్ల విద్యుత్తు వ్యయమగును. కరెంటు అక్కరలేని తొట్లు సైతము కలవు. మంచు నేలలోనికి ఎంతలోతు చొరబడునో అంతకంటె క్రిందుగా నీటిగొట్టమును వేయుదురు. మిన్నెసోటా ఉత్తరభాగమున ఇంటి పునాదిని 5 అడుగుల లోతున వేయవలెనని నిబంధన యున్నదన్నచో ఆ చలి యెట్టిదో గ్రహింపవచ్చును. అంతకు దిగువన భూమి గడ్డకట్టదు; ఆ వెచ్చదనమే గొట్టము వెంట పైకి వచ్చి, దళసరి గోడల తొట్టిలోని నీటిని కాపాడును. తొట్టి నోటిలో ఒక బంతి తేలుచుండును. పశువు దానిని మూతితో అదిమి త్రాగును. తల యెత్తగానే బంతి మరల తలుపువలె మూసికొనును. హీటరుకంటె ఈ తొట్టియే నా మనస్సునకు ఎక్కువ నచ్చినది. నేల తనలో దాచుకొన్న వెచ్చదనమునే వాడుకొనుట అందులో కలదు.

ఇంత శ్రమ ఎందుకు? పాలలో నూటికి 87 పాళ్ళు నీరే గనుక, మొదటి సమాధానము లెక్కల పుస్తకమే చెప్పును. అక్కడి మేలుజాతి పాడి ఆవు దినమునకు వంద లీటర్లకు మించి త్రాగును. నీరు తగ్గిన మేత తగ్గును. మేత తగ్గిన ఒంటివేడి తగ్గును. నెమరువేయు జంతువునకు చలిలో దాని కడుపే పొయ్యి. గుర్రమునకు నీరు చాలనియెడల ఎండుగడ్డి ప్రేగులలో గట్టిపడి శూల పుట్టును. పందికి ఒంటిలోని ఉప్పే విషమగును. కావున హీటరు పెట్టినవాడు లాభము కొరకే పెట్టినాడు, ఇందులో ధర్మమేమున్నదని కొందరందురు. మేలు చేయుటలో చేసినవానికి లాభము కలుగుట తప్పు కాదు. అయితే దానిని పరీక్షించుటకు ఒక మార్గము కలదు. ఒట్టిపోయిన ఆవు, పరుగు మానిన ముసలి గుర్రము కట్టిన కొట్టమునందలి తొట్టిని చూడవలెను. పాలిచ్చు ఆవు ముందు నీరు కదలుచు, వట్టి ఆవు ముందు మంచు బిగిసియున్నచో, ఆ యింట లెక్క మాత్రమే యున్నది.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. మంచునే తిని దప్పిక తీర్చుకొనగల పశువునకు నీరెందుకు? ఇది వట్టిమాట కాదు. 1980ల దశకమున కెనడాలోని ఆల్బెర్టాలో పశుశాస్త్రజ్ఞులు పరిశీలించి, మంచు తినుటకు అలవాటుపడిన మాంసపుజాతి పశువులు, మెత్తని శుభ్రమైన మంచు సమృద్ధిగా నున్నచో, నిలువగలవని కనుగొన్నారు. దాని వెల మాత్రము కలదు. సున్న డిగ్రీల నీటిని ఒక కిలో త్రాగిన, దానిని ఒంటివేడికి తెచ్చుటకు సుమారు 38 కిలోకెలోరీల వేడి చాలును. సున్నకు దిగువ 10 డిగ్రీల మంచును ఒక కిలో తిన్నచో, అది కరుగుటకే 80 కావలెను. మొత్తము 120 దాటును. మేత సమృద్ధిగా నున్న పశువు ఆ వేడిని దినమంతయు కొద్దికొద్దిగా చెల్లించుకొనును. బక్కపశువు, దూడ, పాలిచ్చు తల్లి చెల్లింపలేవు. మంచుపై గాలికి గట్టి పెచ్చు కట్టినచో ఏ పశువును తినలేదు.

అయినను అసలు విషయము కెలోరీలలో లేదు. ఆ మైదానములలో మనిషి కంచె వేయకమునుపు బైసన్ అను అడవిదున్నలు తలతో మంచును తోసి గడ్డి మేసి బ్రతికినవి. వాటికి ఎవ్వడును ఋణపడియుండలేదు. ఆవును అక్కడికి తెచ్చినవాడు మనిషి. 1886–87 శీతకాలమున మోంటానా, వయోమింగ్, డకోటా ప్రాంతములలో ఏమి జరిగినదో చరిత్ర చెప్పుచున్నది. వేసవి ఎండి గడ్డి తగ్గినది. మేతభూమి పట్టనన్ని పశువులను అప్పటికే తోలియుండిరి. మంచు కురిసి, కరిగి, మరల గట్టిపడి గడ్డిపై పెంకువలె నిలిచినది. లక్షలాది పశువులు నశించినవి. మందల యజమానులలో అనేకులు దూరపు నగరములందును, సముద్రమునకు ఆవల బ్రిటనులోను సుఖముగా నుండిరి. పశువు తన పాట్లు తానే పడునను నమ్మికతో వారు ఎండుగడ్డిని సైతము కూర్చలేదు. దానిని దైవోపద్రవము అన్నవారున్నారు. మంచు దైవమువలన కురిసినది కావచ్చును. ఆవును ఆ మంచులో నిలిపినది దైవము కాదు. ఆ యేటి తరువాతనే అక్కడి పశుపోషకులు గడ్డిని కోసి దాచుట ధర్మముగా నేర్చుకొన్నారు.

కావున పలుపు వేసిననాడే ఋణము పుట్టినదని నా అభిప్రాయము. తన నీటిని తాను వెదకికొను స్వాతంత్ర్యమును తీసికొన్నవాడు నీటిని బాకీపడినాడు. పశువు బ్రతికియుండుటతో ఆ బాకీ తీరదు. బ్రిటనులో 1965 నాటి బ్రాంబెల్ సంఘ నివేదిక వెనుక రూపొందిన పశుసంక్షేమ సూత్రములలో మొదటిది ఆకలిదప్పుల నుండి విముక్తి. మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, యజమాని తన పశువునకు చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వకుండుటను కొట్టుటతో సమానముగ నేరములలోనే చేర్చినది. దయ మూలముగా లేని ధర్మము ధర్మమే కాదని బోధించిన బసవేశ్వరుడు సకలప్రాణులను ఆ దయలోనికి తీసికొనినాడు. ఆ దయను ఇష్టమైననాడు చూపు ఔదార్యముగా కొందరు అర్థము చేసికొందురు. కాయకమువలె నిత్యము చేయవలసిన పనిగా గ్రహించుటయే సరియని తలంచుచున్నాను.

ఇక యంత్రమునకు అప్పగించిన దయ దయ యగునా? ఇచ్చట ఒక సత్యఘటనారీతిని చెప్పవలెను. హీటరు తీగ దెబ్బతిన్నను, ఎర్తింగు సరిగా లేకున్నను, తొట్టినీటిలోనికి స్వల్పవిద్యుత్తు చేరును. పొడి చెప్పులతో నున్న మనిషి చేతికి అది తెలియకపోవచ్చును. ఆవు నాలుగు కాళ్ళు తడినేలపై నుండును, మూతి తడిగా నుండును, దానికి తెలియును. అది తొట్టివద్దకు వచ్చి, నిలిచి, నాలుకకొనతో రెండుమారులు నీటిని గతికి, తప్పుకొనును. నీరు నిండుగ నున్నది, గడ్డకట్టలేదు, హీటరు పనిచేయుచున్నది. యజమాని కన్నులకు లోపమేమియు కనబడదు. ఆవు దప్పికతోనే యుండును. పాలు తగ్గినవని దాణాను మార్చినవారు, పశువైద్యుని పిలిచినవారు ఉన్నారు. కొలమానము తెచ్చి తొట్టికిని నేలకును నడుమ విద్యుత్తును కొలిచినగాని కారణము తెలియదు. కొలువవలెనను బుద్ధి పుట్టుటకైనను, ముందు ఒకడు నిలిచి ఆవు త్రాగుతీరును చూడవలెను.

మన ఇండ్లలో ఈనిన ఆవునకు గోరువెచ్చని నీళ్ళు పెట్టు ఇల్లాలు కుడితితొట్టిలో మోచేయి ముంచి చూచెడిది. ఆమెకు థర్మోస్టాట్ లేదు. మంచుదేశపు రైతునకు అది కలదు; అయినను గాలివాన మంచుతో కలిసి వీచి కరెంటు స్తంభములు కూలిన రాత్రి, హీటరు చల్లబడిన గంటలలోనే తొట్టిపై పలక కట్టును. ఆ రాత్రి అతడు లాంతరు పట్టుకొని పోయి, గోడకు వ్రేలాడు గొడ్డలినే తీసికొనవలెను.