జాక్ స్పారో బాకీ

'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' వరసలో సినిమాలు ఐదు. వాటిలో ఏది గొప్పదని అడిగితే ఎక్కువమంది 2003లో వచ్చిన మొదటిదాన్నే చెప్తారు. తర్వాత రెండు, మూడు. అడుగున నాలుగు, ఐదు. దాదాపుగా విడుదలైన వరసే ర్యాంకుల వరస అన్నమాట. దీనితో నాకు పెద్ద పేచీ లేదు. కానీ ఈ ర్యాంకులు దేన్నిబట్టి ఇస్తున్నామో ఎవరూ చెప్పరు. కత్తియుద్ధాలా, గ్రాఫిక్సా, జానీ డెప్ తూలుతూ నడిచే నడకా? వీటన్నిటికీ మార్కులు వేసి కూడితే ఒక వరస వస్తుంది, నిజమే. అది థీమ్ పార్కులో రైడ్లకి ఇచ్చే ర్యాంకులాంటిది. ఈ సినిమాలు పుట్టిందే 1967లో డిస్నీలాండ్‌లో మొదలైన ఒక రైడ్ నుంచి కాబట్టి, ఆ పద్ధతి అన్యాయమూ కాదు.

అయితే కాస్త దగ్గరగా చూస్తే ఈ సినిమాల లోపలే ఇంకో కొలత కనిపిస్తుంది. ఈ కథల్లో ఎవరూ ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వరు. ముఖ్యమైన ప్రతి సీనూ ఒక బేరమే. ఓడ కావాలంటే ఏమిస్తావు, తండ్రిని విడిపించాలంటే ఏమిస్తావు, నీ ప్రాణం దక్కాలంటే ఎవర్నిస్తావు. ఈ బేరాల మధ్య జాక్ స్పారో తాను ఎవరికీ కట్టుబడని మనిషినన్నట్టు తిరుగుతుంటాడు. మొదటి సినిమాలో, దీవి మీద చిక్కుకుపోయినప్పుడు, ఎలిజబెత్‌కి చెప్తాడు కూడా: ఓడంటే చెక్కలూ తెరచాపలూ కాదు, స్వేచ్ఛ అని. వినడానికి బావుంటుంది. కానీ ఆ స్వేచ్ఛకయిన ఖర్చు ఎవరి ఖాతాలో పడింది? ఒకడి స్వేచ్ఛకి ఇంకొకడు వెల కడుతుంటే దాన్ని స్వేచ్ఛ అనొచ్చా, బాకీ ఎగ్గొట్టడం అనాలా?

ఈ ప్రశ్నని ఏ సినిమా ఎంత నిజాయితీగా ఎదుర్కొంది అన్నదాన్నిబట్టి ర్యాంకులిస్తే వరస కొంచెం మారుతుంది. కింద నుంచి మొదలుపెడతాను.

అయిదో స్థానం 'డెడ్ మెన్ టెల్ నో టేల్స్' (2017)కి. నిజానికి దీని మొదలు బావుంటుంది. కుర్రవాడిగా ఉన్నప్పుడు జాక్ ఒక స్పానిష్ కెప్టెన్ సాలజార్‌ని మాయ చేసి చావులోకి నడిపించాడు. ఏళ్ళ తర్వాత, ఒక మందు సీసా కోసం తన దిక్సూచిని ఇచ్చేయగానే ఆ సాలజార్ విడుదలై వెంటపడతాడు. పాత బాకీ గుమ్మంలోకొచ్చి నిలబడింది. దీన్ని జాక్ ఎలా తీరుస్తాడా అని మనం చూస్తుంటే, సినిమా పొసైడన్ త్రిశూలం ఒకటి తెచ్చి విరగ్గొడుతుంది. దాంతో సముద్రంలోని శాపాలన్నీ ఒక్క దెబ్బకి రద్దు. మూడో సినిమాలో విల్ టర్నర్ తలకెత్తుకున్న శిక్ష కూడా అందులోనే పోతుంది. ఎన్నికల ముందు ప్రకటించే రుణమాఫీ లాంటిదిది. అందరూ సంతోషిస్తారు గానీ, అంతకుముందు అప్పు తీర్చినవాళ్ళు పడిన కష్టానికి అర్థం లేకుండా పోతుంది. ఈ సినిమాలో నిజంగా చెల్లింపు జరిగింది ఒక్కచోటే: కూతుర్ని కాపాడ్డానికి బార్బోసా లంగరు గొలుసు వదిలేసి సాలజార్‌తో పాటు పడిపోవడం. ఆ ఒక్క నిమిషం పాత సినిమాల స్థాయిలో ఉంటుంది.

నాలుగో స్థానం 'ఆన్ స్ట్రేంజర్ టైడ్స్' (2011)కి. నా ప్రశ్నని అన్నిటికంటే సూటిగా వేసిన సినిమా ఇదే. యవ్వనాన్నిచ్చే ఊట దగ్గర రెండు పాత్రలుంటాయి. మత్స్యకన్య కన్నీరు కలిసిన పాత్రలో తాగినవాడికి రెండోవాడి మిగిలిన ఆయుష్షంతా వచ్చి చేరుతుంది. ఒకరి బతుకుకి ఇంకొకరు బిల్లు కట్టడమన్నది ఇంతకంటే స్పష్టంగా ఎవరు చూపించగలరు? బ్లాక్‌బియర్డ్, అతని కూతురు ఏంజెలికా ఇద్దరూ చావుకి దగ్గరైనప్పుడు తండ్రి కూతురి ఆయుష్షు తీసుకోడానికే సిద్ధపడతాడు. జాక్ పాత్రలు మార్చి ఇస్తాడు కాబట్టి అది తిరగబడుతుంది. ఇంత మంచి ఏర్పాటు పెట్టుకుని సినిమా దాన్ని ఒక గారడీగా ముగించేసింది. తండ్రి తన చావునే ఎంచుకున్నాడని కూతురికి తెలిసింది, కానీ సినిమాకి ఆమె మొహంలోకి చూసే తీరిక లేదు. ఆమెని కూడా ఒక దీవి మీద వదిలేసి ముందుకెళ్ళిపోతుంది.

మూడో స్థానం 'ఎట్ వరల్డ్స్ ఎండ్' (2007)కి ఇవ్వడానికి కొంచెం బాధగానే ఉంది. ఇది మొదలయ్యే తీరు పిల్లల సినిమాల్లో మామూలుగా కనబడేది కాదు. హక్కులన్నీ రద్దు చేశామని చదువుతూ వరసగా మనుషుల్ని ఉరితీస్తుంటారు, ఆ వరసలో ఒక చిన్న పిల్లవాడు కూడా ఉంటాడు. ఉరితీయించేది బెకెట్, ఈస్టిండియా కంపెనీ మనిషి. 1611లోనే మచిలీపట్నంలో కొట్టు తెరిచిన కంపెనీ గురించి మనకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వ్యాపారం పేరుతో దేన్నయినా సమర్థించుకునే ఆ గొంతు మనకి తెలిసినదే. అదే సినిమా తొమ్మిదిమంది దొంగల నాయకుల్లో ఒకరిగా శ్రీ సంభాజీ అనే భారతీయుణ్ణి పెట్టి, అతన్ని సన్నగొంతు మీద ఒక జోకుగా వాడుకుంది. ఆ పేరు వింటే కొంకణ తీరపు ఆంగ్రేలు గుర్తురాక మానరు. కాన్హోజీ ఆంగ్రే మరాఠా నౌకాదళాధిపతి, కంపెనీవాళ్ళ రాతల్లో మాత్రం సముద్రపు దొంగ. ఎవరు దొంగ అన్నది లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది అన్నదాన్నిబట్టి ఉంటుందని చెప్పే అవకాశం చేతిదాకా వచ్చి జారిపోయింది.

ఇంకోటి కూడా జారిపోయింది. ఈ సినిమా కోసం తీసి, చివరికి కత్తిరించేసిన ఒక సీనుంది. బెకెట్ కింద పనిచేసే రోజుల్లో జాక్‌కి ఒక సరుకు చేరవేసే పని అప్పజెప్పారనీ, ఆ సరుకు బానిసలనీ, మనుషులు సరుకు కాదని వాళ్ళని అతను వదిలేశాడనీ ఆ సీను చెప్తుంది. జాక్ దొంగ కావడానికి కారణం అదీ. ఎందుకు తీసేశారో గానీ, కథలో ఆ ముక్క లేకపోవడం వల్ల జాక్ స్వేచ్ఛ ఒక సరదాగానే మిగిలిపోయింది.

చరిత్రలో ఆ ముక్కకి ఎదురుసాక్ష్యం కూడా ఉంది. 1724లో కెప్టెన్ ఛార్లెస్ జాన్సన్ పేరుతో వచ్చిన పుస్తకంలో బార్తలోమ్యూ రాబర్ట్స్ అనే పైరేట్ ఓడలోని నియమాలున్నాయి. ముఖ్యమైన విషయాల్లో ప్రతివాడికీ ఒక ఓటు. కాలో చెయ్యో పోయినవాడికి ఉమ్మడి సొమ్ము నుంచి పరిహారం. అప్పటి యూరప్‌లో ఏ రాజ్యంలో ఉంది ఇంత సమానత్వం? అదే పుస్తకంలో ఇంకొన్ని పేజీల తర్వాత, 1722లో పశ్చిమాఫ్రికా తీరంలో జరిగింది ఉంటుంది. పోర్కుపైన్ అనే బానిసల ఓడ కెప్టెన్ డబ్బు కట్టనన్నాడు. రాబర్ట్స్ మనుషులు ఓడకి నిప్పంటించారు. లోపల సుమారు 80 మంది, ఇద్దరిద్దరిని కలిపి గొలుసులతో కట్టేసి ఉన్నారు. విప్పడానికి టైము పడుతుందని విప్పలేదు. ఓటుహక్కు ఉన్న స్వేచ్ఛాజీవులే ఆ పని చేశారు. వాళ్ళ సమానత్వం ఆ ఓడ అంచు దగ్గర ఆగిపోయింది.

మూడో సినిమా ఈ సంగతుల జోలికి వెళ్ళదు. అయినా చివర్లో ఒక గొప్ప పని చేస్తుంది. డేవీ జోన్స్ గుండెని పొడిచినవాడికి చావుండదు. జాక్ కోరుకుంటున్నది అదే, గుండె అతని చేతిలోనే ఉంది. అప్పుడే విల్ చావుబతుకుల్లో పడిపోయి ఉంటాడు. జాక్ కత్తి విల్ చేతికిచ్చి, ఆ చేతిని పట్టుకుని పొడిపిస్తాడు. తన అమరత్వాన్ని ఇంకొకడి ప్రాణానికి చెల్లించడం జాక్ చేసిన మొదటి నికరమైన చెల్లింపు. విల్‌కి పదేళ్ళకోసారి ఒక్కరోజు నేల మీద అడుగుపెట్టే బతుకు మిగులుతుంది. సినిమా దాన్ని తియ్యగా మార్చకుండా అలాగే వదిలేసింది.

రెండో స్థానం అందరికీ ఇష్టమైన 'ది కర్స్ ఆఫ్ ది బ్లాక్ పర్ల్' (2003)కి. సినిమాగా అయిదింటిలో ఇదే బిగువైనది, ఒప్పుకుంటాను. 882 అజ్టెక్ బంగారు బిళ్ళలు దొంగిలించినవాళ్ళకి ఆకలీ దాహమూ తీరవు, రుచి తెలియదు. బార్బోసా చేతిలోని ఆకుపచ్చ ఆపిల్ గుర్తుండే ఉంటుంది. ఉన్నదంతా కొనగలడు గానీ ఒక పండు తినలేడు. వెల కట్టకుండా తీసుకున్నదాన్ని అనుభవించలేం అన్న మాటని ఉపన్యాసం లేకుండా చూపించడమంటే అది. అందులో నాకు ఇష్టమైన మనిషి తెరమీద కనిపించడు కూడా. విల్ తండ్రి బూట్‌స్ట్రాప్ బిల్, తాము చేసిన ద్రోహానికి ఈ శాపం తగినదేనని నమ్మి, అది ఎప్పటికీ విరగకూడదని ఒక బిళ్ళని కొడుక్కి పంపించేస్తాడు. తప్పుకి శిక్ష పడాలని కోరుకుంటూ ఆ శిక్షలో తనని కూడా కలుపుకున్నవాడు అతనొక్కడే. ఈ సినిమాకి మొదటి స్థానం ఎందుకివ్వలేదంటే, జాక్‌ని ఇది చాలా తేలిగ్గా వదిలేస్తుంది. ఇందులో అతను మోసపోయినవాడే తప్ప బాకీ పడ్డవాడు కాదు.

ఆ బాకీ బయటపడేది 'డెడ్ మ్యాన్స్ చెస్ట్' (2006)లో. నా లెక్కలో మొదటి స్థానం దీనిది. జాక్ ప్రేమించే ఓడ డేవీ జోన్స్ సముద్రం అడుగు నుంచి తేల్చి ఇచ్చిందని తెలుస్తుంది. పదమూడేళ్ళు కెప్టెన్‌గా ఉండొచ్చు, తర్వాత వందేళ్ళు చాకిరీ చెయ్యాలి. రెండేళ్ళకే ఓడ పోయింది కదా అని జాక్ వాదిస్తే, ఇన్నాళ్ళూ కెప్టెన్ జాక్ స్పారో అనే కదా పరిచయం చేసుకున్నావు అంటాడు జోన్స్. డాబుగా చెప్పుకున్న పేరే అతని మీద సాక్ష్యమైపోయింది. అప్పుడు జాక్ చేసే బేరం ఏమిటి? తనకి బదులు మూడు రోజుల్లో వందమంది. మొదటి చెల్లింపుగా విల్‌ని ఇచ్చేస్తాడు. సాఫ్ట్‌వేర్లో 'టెక్నికల్ డెట్' అని ఒక మాటుంది. ఈ రోజు పని గడవడానికి అడ్డదారి తొక్కితే దాని భారం తర్వాత మీద పడుతుంది. అయితే అప్పు చేసినవాడు అప్పటికి ఇంకో కంపెనీలో ఉంటాడు, అర్ధరాత్రి ఫోనొచ్చేది కొత్తగా చేరినవాడికి. జాక్ చేసింది అచ్చంగా అదే.

అదే ఓడలో ఇంకో బేరం జరుగుతుంది. తండ్రిని విడిపించే దారి కోసం విల్ తన ఆత్మని పాచికల మీద పణంగా పెడతాడు. కొడుకు ఓడిపోతాడని తెలిసి తండ్రి మధ్యలో దూరి కావాలనే తాను ఓడిపోతాడు. పితృఋణం తీర్చడానికి కొడుకొస్తే, తండ్రి ఆ ఋణాన్ని తన మీదే వేసుకున్నాడు. ఒకే అప్పుకి రెండు రకాల మనుషులు: పక్కవాడి తలకి చుట్టేవాడు, పక్కవాడి తల నుంచి తన తలకి తెచ్చుకునేవాడు. సినిమా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది.

ఇక చివర. క్రాకెన్ ఓడ మీద పడినప్పుడు జాక్ పడవలో పారిపోతాడు. మధ్యలో దిక్సూచి తెరిచి చూసి వెనక్కొస్తాడు. మనిషి మారాడని మనం ఊపిరి పీల్చుకునేలోపు ఎలిజబెత్ అతన్ని ముద్దు పెట్టుకుని, స్తంభానికి సంకెళ్ళు వేసి, మిగతావాళ్ళతో తప్పించుకుంటుంది. క్రాకెన్‌కి కావాల్సింది జాక్ మాత్రమే అని ఆమె లెక్క. లెక్క సరైనదే. కానీ తిరిగొచ్చిన మనిషిని కట్టేసి ఇవ్వడం సరైనదేనా? తనంతట తానే ఉండిపోయాడని ఆమె మిగతావాళ్ళకి అబద్ధం చెప్తుంది. లెక్క అంత శుభ్రంగా ఉంటే అబద్ధం అవసరమయ్యేది కాదు. జాక్ తన అప్పుకి వందమందిని లెక్కగట్టినట్టే, ఆమె నలుగురైదుగురి ప్రాణాలకి ఒకణ్ణి లెక్కగట్టింది. ఒకరిని తిట్టి ఇంకొకరిని మెచ్చుకోవాలంటే కారణం ఎక్కడ వెతకాలో సినిమా చెప్పదు.

సరదా సినిమాలకి ఇంత లెక్క అవసరమా అనొచ్చు. సరదాకి నేను అడ్డం కాదు. కానీ జాక్ స్పారో లాంటివాణ్ణి చూసి మనకి అంత ఆనందం ఎందుకేస్తుందో ఆలోచించండి. ఎవరికీ బాకీ లేకుండా బతకాలన్న కోరిక మనందరికీ ఉంది. తెరమీద ఆ కోరిక తీరుతుంటే పక్కన మునిగిపోతున్న నావికుల పేర్లు మనం అడగం. మిగతా నాలుగూ ఆ పేర్లు అడక్కుండానే మనల్ని ఇంటికి పంపించేస్తాయి. రెండోది మాత్రం మనం చప్పట్లు కొట్టినవాణ్ణి స్తంభానికి కట్టేసి, కట్టిన చేతుల్ని కూడా చూపించి, అక్కడ ఆగుతుంది.