పుట్టకు పాలు, పెరట్లో కర్ర?

బోధన్ చుట్టూ పొలాలు, పొలాల్లో ఎలుకలు. వాటి కోసమే జెర్రిపోతు మన పెరట్లోకి వస్తుంది. దానికి విషం లేదు. అయినా కనిపిస్తే కర్ర తీస్తాం! శ్రావణంలో నాగుల పంచమికి మాత్రం పుట్టలో పాలు పోస్తాం.

మహాభారతంలో తక్షకుడు తన తండ్రి పరీక్షిత్తును చంపాడని జనమేజయుడు సర్పయాగం మొదలుపెట్టాడు. ఒక్కడి తప్పుకు జాతి మొత్తానికి శిక్షా? ఆస్తీకుడు వెళ్లి ఆ యాగం ఆపించాడు. మన పెరట్లోనూ అంతే కదా, నాగుపాము మీది భయానికి జెర్రిపోతు బలి.

ఏ పామో తెలియకపోతే దగ్గరికి పోకండి, దాని దారిన పోనివ్వండి. ఇంట్లోకొస్తే అటవీ శాఖకు ఫోన్ చేయండి. కాటు పడితే మంత్రం కాదు, వెంటనే ఆసుపత్రికే.

ఈ పంచమికి పాలగిన్నె పట్టే ముందు ఆ కర్ర పక్కన పెట్టండి. శుభం.