పుట్టుకయు నడవడియు

తండ్రి నుండి కుమారునకు ఇల్లు, పొలము మాత్రమే కాక రోగములు కూడ సంక్రమించునని మన పెద్దలు ఎరిగినదే. మానవుని జన్యుపటమును రచించు మహాకార్యము ముగిసినదని 2003లో ప్రకటించిరి. నేడు కొంచెము ఉమ్మిని పంపినచో చాలును; మధుమేహము, గుండెజబ్బు మున్నగువాని వైపు మన దేహమునకు ఎంత మొగ్గు కలదో తెలుపు పత్రము ఇంటికి వచ్చును.

మా తండ్రిగారు మధుమేహముచే పాదమును కోల్పోయి గతించిరి. నాకును ఏబదియైదేండ్లు నిండినవి. "నాన్నగారూ, మీరును ఆ పరీక్ష చేయించుకొనుడు" అని మా కుమారుడు కోరగా నాకొక ప్రశ్న పుట్టినది: తెలిసికొన్నచో నేను మారుదునా? తండ్రిగారి పుండును కడిగి కట్టు కట్టినవాడను నేనే. అంతకంటె స్పష్టమైన పత్రము వేరొకటి కలదా? అయినను నేను అన్నము తగ్గింపలేదు, అడుగు కదపలేదు.

ఈ బలహీనత నా ఒక్కనిదే కాదు. జన్యుఫలితము తెలిసినంత మాత్రమున జనులు పొగ మానుట గాని, ఆహారము మార్చుట గాని అంతగా కనబడలేదని 18 అధ్యయనములను పరిశీలించిన సమీక్షయొకటి 2016లో తేల్చినది. ఆచరణ ఫలము మాత్రము వేరు. రక్తమున చక్కెర హెచ్చుచున్నవారిపై అమెరికాలో జరిపిన ఒక పరిశోధన 2002లో వెలువడినది. వారమునకు 150 నిమిషముల వ్యాయామము, మితాహారము, కొంత బరువు తగ్గుట అను నియమములు పట్టినవారిలో మధుమేహము 58 శాతము తగ్గెను. మొగ్గును పెంచు జన్యువు కలవారికి సయితము ఆ నియమములు మేలు చేసినవని 2006లో తెలిసినది.

అన్ని వ్యాధులును ఇట్టివి కావు. రొమ్ము కేన్సరునకు హేతువగు కొన్ని జన్యులోపములు వంశమున ఉన్నచో పరీక్ష ప్రాణరక్షకము. అచట నడక, పథ్యము చాలవు. వైద్యుని సలహాయే శరణ్యము.

తక్కిన యెడల రెండు ప్రమాదములు కలవు. ఫలితము చెడ్డదైనచో "నా వ్రాత ఇంతే" యని చేతులు ముడుచుకొందుము. మంచిదైనచో "నాకేమి భయము" అని అదుపు తప్పుదుము. పుట్టుకను బట్టి మనుష్యుని నిర్ణయింపరాదని బసవేశ్వరుడు బోధించెను. కులము విషయమున ఆ మాటను తలదాల్చు మనము దేహము విషయమున ఏల మరువవలెను?

ఇప్పుడు తెల్లవారుజామున నడచుచున్నాను. రాత్రి అన్నము మాని, ఒక్క జొన్నరొట్టెతో తృప్తి పడుచున్నాను. కుమారునితో మాత్రము కాదనలేదు. "ఆరు మాసములు నడచిన పిమ్మట పరీక్ష సంగతి చూతము, నాయనా" అంటిని.